కాగితం మీది నగరాలు: మెట్లెవరికి, చెట్టు నీడెవరికి?

కట్టిన కట్టడాలకే చరిత్ర ఉంటుందని మనకు నేర్పారు. కోట, గుడి, గడీ, కలెక్టరు బంగళా: వీటిని ఎవరు కట్టించారో పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది, ఎవరు కట్టారో ఉండదు. దళిత బహుజన చరిత్రకారులు ఈ మాట చాలాసార్లు అన్నారు, ఇంకా అనాల్సే ఉంది. అయితే ఈ వ్యాసం వేరే రకం కట్టడాల గురించి. ఇవి ఎన్నడూ కట్టనివి. సుద్దతో గీసి, సిరాతో దిద్ది, కాగితం మీదనే వదిలేసినవి. పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో ఇలాంటి బొమ్మలు పెద్ద ఎత్తున వచ్చాయి. కళాచరిత్రకారులు వీటిని ఊహకు పరాకాష్ఠగా మెచ్చుకుంటారు.

మనకు వీటితో పనేంటని అడగొచ్చు. పనుంది. కట్టిన ఇంటి విషయంలో యజమానికి ఎప్పుడూ ఒక సాకు ఉంటుంది: డబ్బు చాల్లేదు, స్థలం లేదు, ఆచారం ఒప్పుకోలేదు, రాజుగారు వద్దన్నారు. కాగితం మీద ఈ సాకులేవీ చెల్లవు. అక్కడ సున్నానికి ఖర్చు లేదు, రాయి మోసే కూలి లేదు. ఎంత ఎత్తు మేడైనా, ఎంత వెడల్పు వీధైనా గీసుకోవచ్చు. అంత స్వేచ్ఛ ఉన్నచోట కూడా గీసినవాడు పేదవాణ్ని ఎక్కడ కూర్చోబెట్టాడు? పనిచేసేవాడికి ఏ మూల చోటిచ్చాడు? ఖర్చు లేని చోట చేసే ఈ పంపకంలోనే అసలు బుద్ధి బయటపడుతుంది.

మొదట పిరనేసి సంగతి. జొవాన్ని బాటిస్టా పిరనేసి 1720లో వెనిస్ రాజ్యంలో పుట్టాడు. తండ్రి రాతిపనివాడు. మేనమామ మాత్రం ప్రభుత్వంలో నీటి పనులు చూసే ఇంజనీరు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వెనిస్ రాతిపనివాణ్ని తెచ్చి మన వడ్డెరలతో సమానం చేయలేం. అక్కడ పనితనం కొడుక్కి ఒక మెట్టు పైకెక్కే దారి ఇవ్వగలిగింది. ఇక్కడ అదే పనితనం కొడుకుని అదే రాళ్ల గుట్ట దగ్గర కట్టేసింది. పిరనేసి 1740లో వెనిస్ రాయబారి పరివారంలో చిత్రకారుడిగా రోమ్ చేరాడు. తానొక ఆర్కిటెక్టునని జీవితాంతం చెప్పుకున్నాడు. కానీ ఆయన చేతి మీద లేచిన కట్టడం ఒక్కటే. రోమ్‌లోని అవెంటైన్ కొండ మీద 1764-66లో తిరగకట్టిన ఒక చర్చి. 1743లో వేసిన మొదటి పుస్తకం ముందుమాటలోనే ఆయన వాపోయాడు: పెద్ద కట్టడాలు కట్టించే దొరలు ఈ కాలంలో లేరు గనక నాలాంటివాడికి బొమ్మలతో ఆలోచన చెప్పుకోవడం తప్ప గతి లేదని.

ఆయన పద్ధతి ఇది. నల్లసుద్దతోనో ఎర్రసుద్దతోనో గబగబా గీతలు లాగడం, ఆపైన కలంతో గోధుమరంగు సిరా నడిపించడం, నీళ్ల సిరాని కుంచెతో పూసి నీడలు వేయడం. అక్కడ దొరికిన ఊహని తర్వాత రాగిరేకు మీద ఆసిడ్‌తో చెక్కి అచ్చు తీసి అమ్మేవాడు. కొనేది ఎక్కువగా రోమ్ చూడ్డానికి వచ్చే యూరప్ ధనికుల పిల్లలు. ఈ అచ్చుల్లో పేరుమోసినవి ‘ఊహా కారాగారాలు’. 1750 ప్రాంతంలో 14 పలకలుగా వచ్చాయి. 1761లో ఆయనే వాటిని మళ్లీ చెక్కి, మరింత చీకటి చేసి, ఇంకో రెండు కలిపి 16గా వేశాడు. రెండోసారి వేసినప్పుడు గొలుసులు, చక్రాలు, హింసించే సామాను పెరిగాయి. చివరి పలకలో, తలెగరేసేవాళ్లను భయపెట్టడానికే ఈ జైలు అన్న అర్థంలో లాటిన్ రాత ఒకటి చేరింది. అందమైన బొమ్మలని మురిసిపోయేవాళ్లు ఆ రాత దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది.

ఆ జైళ్ల నిండా మెట్లు. మెట్ల మీద వంతెనలు, వంతెనల కింద ఇంకా మెట్లు. కొన్ని గోడకు తగిలి ఆగిపోతాయి, కొన్ని గాలిలో తెగిపోతాయి. వాటి మీద చీమల్లాంటి మనుషులు. ఎక్కుతున్నారో దిగుతున్నారో తెలియదు. ఇది మనిషి మనసులోని అనంతమైన చిక్కుదారికి ప్రతీక అని యూరప్ రచయితలు చాలా రాశారు. మనసు సంగతి ఏమోగానీ, మెట్ల సంగతి మనకు వేరేగా తెలుసు.

1920 జనవరి 31న బొంబాయిలో ‘మూక్‌నాయక్’ మొదటి సంచిక వచ్చింది. కొల్హాపూర్ పాలకుడు శాహు మహరాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు దానికి ఆసరా. అప్పటికి అంబేడ్కర్‌కి ఇరవై ఎనిమిదేళ్లు. ఆ మొదటి సంపాదకీయంలోనే మరాఠీలో ఆయన ఒక ఊహా కట్టడం నిలబెట్టారు. హిందూ సమాజం ఒక బురుజు, అందులో ఒక్కో అంతస్తు ఒక్కో కులం, అంతస్తుకీ అంతస్తుకీ మధ్య నిచ్చెన లేదు అన్నారు. కింది అంతస్తులో పుట్టినవాడు ఎంత యోగ్యుడైనా పైకి పోలేడు, పై అంతస్తులో పుట్టినవాడు ఎంత అయోగ్యుడైనా కిందికి రాడు. పుట్టిన అంతస్తులోనే చావాలి. ఇదీ సిరాతో గీసిన కట్టడమే. బొమ్మ లేదు, అంతే తేడా. కళాచరిత్ర పుస్తకాల్లో దీనికి పేజీ దొరకదు. పిరనేసి బొమ్మలను, అంబేడ్కర్ బురుజును పక్కపక్కన పెట్టి చూడాలని నా మనవి. పిరనేసి జైల్లో మెట్లే మెట్లు, బయటికి దారి లేదు. అంబేడ్కర్ చూపిన బురుజులో అసలు మెట్టే లేదు. మొదటిది డబ్బు పెట్టి కొనుక్కున్న భయం, గోడకు తగిలించుకుని కాఫీ తాగుతూ చూసే భయం. రెండోది ఆ అంతస్తులో ఉన్నవాడు లోపల్నుంచి కొలిచి చెప్పిన లెక్క.

ఇక ఫ్రాన్స్‌కి పోదాం. అక్కడ ముగ్గురి పేర్లు కలిపి చెప్తారు: బులే, లెదూ, లెక్యూ. ఎమిల్ కౌఫ్‌మన్ అనే పండితుడు 1952లో ఈ ముగ్గురినీ విప్లవ ఆర్కిటెక్టులు అన్నాడు. ఆ బిరుదు అతికిపోయింది. విప్లవ కాలంలో ఉన్నారు నిజమే. విప్లవం ఎవరి మీద వచ్చిందో కూడా చూడాలి.

ఎతియెన్ లూయీ బులే గురించి పొట్టిగా చెప్తాను. 1784లో న్యూటన్‌కి సమాధి మందిరం అని ఒక గోళం గీశాడు. ఎత్తు 150 మీటర్లు అనుకున్నాడు. పైన చిల్లులు పెడితే పగలే లోపల నక్షత్రాలు కనిపించాలి. నీళ్ల సిరాతో పూసిన ఆ నీడలు గొప్పగానే ఉంటాయి. కింద మనుషులు మిణుగురులంత కూడా ఉండరు. రాయి ఎవరు మోయాలో ఆయన పట్టించుకోలేదు.

లెదూ సంగతి వేరు, అతను పట్టించుకున్నాడు. అందుకే అతనితో మనకు ఎక్కువ పేచీ. క్లోద్ నికొలా లెదూ రాజు కొలువులో పనిచేశాడు. పన్నుల కాంట్రాక్టర్ల కోసం పారిస్ చుట్టూ కట్టిన గోడకి సుంకం గేట్లు గీసి కట్టించాడు. 1789 జులైలో, బాస్టీల్ కోట పడటానికి ఒకటి రెండు రోజుల ముందు, జనం ఆ గేట్లలో చాలావాటిని తగలబెట్టారు. 1793లో అతన్నీ జైల్లో వేశారు, తల పోలేదు. తీరుబాటుగా తన బొమ్మలన్నీ చెక్కించి 1804లో పెద్ద పుస్తకం వేశాడు. రెండేళ్లకు పోయాడు.

అతను నిజంగా కట్టిన వాటిలో ముఖ్యమైనది ఆర్క్, సెనాన్ అనే రెండు ఊళ్ల మధ్య రాజుగారి ఉప్పు కార్ఖానా. 1775 నుంచి 1779 దాకా కట్టారు. సలాఁ అనే ఊరి ఉప్పునీటి ఊటల నుంచి దాదాపు 21 కిలోమీటర్ల పొడవున చెక్క గొట్టాల్లో నీళ్లు వచ్చేవి. పక్కనున్న షో అడవి కట్టెలతో కాచి ఉప్పు తీసేవారు. ఉప్పు మీద పన్ను ఆ రాజ్యంలో జనం పీక మీద కత్తి. మనకు ఉప్పు పన్ను అంటే దండి యాత్ర గుర్తొస్తుంది. ఫ్రాన్స్‌లో అది 1790లో విప్లవం రద్దు చేసిన పన్నుల్లో ఒకటి. ఉప్పు దొంగతనం కాకుండా కార్ఖానా చుట్టూ గోడ. గేటు దగ్గరే కాపలా గది, దాని పక్కనే జైలు గది. అర్ధచంద్రాకారంలో కూలీల ఇళ్లు. సరిగ్గా మధ్యలో, అందరూ కనిపించేలా డైరెక్టరు ఇల్లు. కూలీలకు కుటుంబానికో గది, అందరికీ కలిపి ఒక పొయ్యి, వెనక కాస్త తోట. ఫ్రెంచి తత్వవేత్త ఫూకో 1975లో జైళ్ల చరిత్ర రాస్తూ, మధ్యలోంచి అందరినీ కనిపెట్టి చూసే ఏర్పాటుకు ఈ కార్ఖానాను ఉదాహరణగా చెప్పాడు. ఆయన చెప్పని ఒక వివరం నాకు ఇంకా ముఖ్యం. డైరెక్టరు ఇంట్లోనే ప్రార్థనా మందిరం. పెద్ద మెట్ల వరస, పై చివర దేవుడి బల్ల. కూలీలు ఆ మెట్ల మీదే నిలబడి ప్రార్థన వినాలి. మెట్లు ఉన్నాయి, నిలబడ్డానికి. ఎక్కడానికి కాదు.

1804 పుస్తకంలో ఈ కార్ఖానా చుట్టూ లెదూ ఒక పూర్తి ఆదర్శ నగరాన్ని ఊహించాడు. పేరు షో. అక్కడ కట్టెలు కొట్టేవాళ్లకో రకం ఇల్లు. పీపాలకు కట్లు వేసేవాళ్ల ఇల్లు గుండ్రటి కట్ల ఆకారంలోనే ఉంటుంది. నది కాలువలను చూసేవాడి ఇంటి మధ్యలోంచి నీళ్లే ధారగా దూకుతాయి. దీన్ని పండితులు మాట్లాడే కట్టడం అని పొగుడుతారు. ఇల్లు చూడగానే లోపలున్నవాడి పనేంటో తెలిసిపోతుందట. ఎంత బాగుందో కదా అంటారు! మాకు ఇందులో కొత్తేం లేదు. ఊళ్లోకి కొత్తగా వచ్చినవాడు నాలుగడుగులు వేస్తే చాలు, ఏ ఇల్లు ఎవరిదో, ఏ బావి ఎవరిదో, ఎక్కడ చెప్పులు విప్పాలో మన ఊళ్లు కూడా మాట్లాడతాయి. గుండ్రటి ఇంట్లో పుట్టిన పిల్లాడు పీపాల కట్లు వేయనంటే ఎక్కడ ఉండాలో లెదూ గీయలేదు. ఒక మనిషికి అతని పనినే గోడలుగా కట్టి అందులో పెట్టడం, పనిని గౌరవించడం ఒకటి కావు. ఫ్రాన్స్‌లో ఆ ఇళ్లు కాగితం మీదనే ఉండిపోయాయి. అదృష్టం.

మన దగ్గర అలా ఉండిపోలేదు. మైసూరులో శ్యామశాస్త్రి 1909లో అచ్చు వేసిన అర్థశాస్త్రంలో కోట లోపల నగరం ఎలా ఉండాలో ఒక అధ్యాయం ఉంది. ఉత్తరాన బ్రాహ్మణులు, తూర్పున క్షత్రియులు, దక్షిణాన వైశ్యులు, పడమట శూద్రులు. పాషండులకు, చండాలురకు శ్మశానం అంచు. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుర నివాసం ఊరి బయటేనంటుంది. వీటికి బొమ్మలు లేవు, సుద్ద లేదు, సిరా కూడా చాలాకాలం తాటాకు మీది గంటమే. కొలతలతో గీసిన ఏ ప్లాను ఇంత కచ్చితంగా అమలు కాలేదు. ఊరు ఒకవైపు, వాడ ఇంకోవైపు. గాలి వాడ మీంచి ఊరి మీదికి వీచకుండా దిక్కు కూడా చూసుకున్న పల్లెలు మనకు తెలియనివి కావు. ఊహా కట్టడాల చరిత్ర రాసేవాళ్లు కట్టనివాటి గురించి మాత్రమే రాస్తే ఈ రెండో రకం ఎప్పటికీ లెక్కలోకి రాదు.

లెదూ పుస్తకంలో ఇంకో బొమ్మ ఉంది. పేరు ‘పేదవాడి నీడ’. మొత్తం పుస్తకంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. నగరంలో మార్కెట్టు ఉంది, స్నానశాలలు ఉన్నాయి, విలాసాలకు ఒక భవనం ఉంది. పేదవాడి పేజీకి వచ్చేసరికి కట్టడమే లేదు. ఒక చెట్టు, కింద బట్టలు లేని మనిషి. పైన మేఘాల్లో దేవతలు. చేతులు వాళ్ల వైపు చాచాడు. సృష్టి అంతా పేదవాడి ఇల్లే అన్న ఉదాత్త భావమని కొందరు వ్యాఖ్యానిస్తారు. రాజుగారికి మాత్రం సృష్టి చాలదు, ఆయనకు స్తంభాలు కావాలి. ఇది వెటకారంగా గీశాడని వాదించేవాళ్లూ ఉన్నారు. నిజంగా వెటకారమే అయితే మంచిదే. అప్పుడైనా పక్క పేజీలో ఒక గది గీయొచ్చు కదా, కాగితానికి ఏమంత ఖర్చు?

మూడోవాడు జాన్ జాక్ లెక్యూ. ఇతను 1757లో రువాఁ పట్టణంలో వడ్రంగి ఇంట పుట్టాడు. చెయ్యి అద్భుతమైనది. పారిస్ వచ్చాడు, పెద్దవాళ్ల దగ్గర బొమ్మలు గీశాడు. సొంతంగా కట్టే పనులు మాత్రం ఎవరూ ఇవ్వలేదనే చెప్పాలి. విప్లవం తర్వాత భూమి కొలతల ఆఫీసులో, ఇంకా ఇతర సర్కారీ ఆఫీసుల్లో నకళ్లు గీసే గుమాస్తాగా 1815 దాకా గడిపాడు. పగలు ఆఫీసు పటాలు, మిగతా వేళల్లో తన సొంత కట్టడాలు. ఆవు ఆకారంలో ఆవుల కొట్టం గీశాడు, తల మీద పాత్రతో సహా. పారిస్‌కి జనం ద్వారం అని ఒక గేటు గీశాడు. అందులో భారీ మనిషి కూర్చుని ఉంటాడు. దాని వెనక, తల కోసే యంత్రం నుంచి నన్ను కాపాడుకోడానికి వేసిన బొమ్మ అని తనే రాసుకున్నాడు. విప్లవం మీద ప్రేమతో గీశాడా, భయంతో గీశాడా అని పండితులు తలలు పట్టుకుంటారు. దొరల ఇళ్లకు బొమ్మలేసి బతికిన వడ్రంగి కొడుక్కి రెండూ ఒకేసారి ఉండొచ్చని ఎందుకు అనుకోరో నాకు అర్థం కాదు. ముసలితనంలో తన బొమ్మలు అమ్ముతానని ప్రకటనలిచ్చాడు. ఎవడూ కొనలేదు. 1825లో దాదాపు 800 కాగితాలు రాజ గ్రంథాలయానికి ఊరికే ఇచ్చేసి, మరుసటి ఏడాది పేదరికంలో పోయాడు. పారిస్‌లో అతని బొమ్మలతో పెద్ద ప్రదర్శన పెట్టింది 2018లో.

ఇప్పుడు మళ్లీ ఉప్పు కార్ఖానా దగ్గరికి రావాలి. ఎందుకంటే ఊహించి గీసిన గోడ ఒకసారి లేచాక, గీసినవాడి ఉద్దేశంతో దానికి పనుండదు. కార్ఖానా 1895లో మూతపడింది. 1939లో స్పెయిన్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లను అందులో పెట్టారు. తర్వాత 1941 నుంచి 1943 దాకా అది జిప్సీల నిర్బంధ శిబిరం. 1940 ఏప్రిల్ 6న ఫ్రెంచి ప్రభుత్వం, ఇంకా జర్మనీ సేనలు దేశంలోకి రాకముందే, యుద్ధం ముగిసేదాకా సంచారులు తిరగకూడదని ఉత్తర్వు ఇచ్చింది. జర్మన్లు వచ్చాక వాళ్లను కుటుంబాలతో సహా శిబిరాల్లో పెట్టారు. కాపలాకు అనువైన గోడ, ఒకటే గేటు, మధ్యలో అందరినీ చూసే ఇల్లు: లెదూ గీసినవన్నీ అక్కడ సిద్ధంగానే ఉన్నాయి. యుద్ధం 1945లో ముగిసినా ఫ్రాన్స్ శిబిరాల్లోంచి చివరి జిప్సీ కుటుంబాలు బయటికొచ్చింది 1946లో.

ఎవరీ జిప్సీలు? రోమా అని పిలుచుకునే వీళ్ల భాష మన ఉత్తరాది భాషల కుటుంబానిదని పండితులు ఎప్పుడో తేల్చారు. 2012లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న ఒక జన్యు పరిశోధన ఇంకో అడుగు ముందుకేసింది. తండ్రి వరసలో వచ్చే జన్యు గుర్తులను పోల్చి చూస్తే, యూరప్ రోమాలకు దగ్గరగా కనిపించింది వాయవ్య భారతంలోని షెడ్యూల్డు కులాలు, తెగల జనమని చెప్పింది. రక్తాన్ని బట్టి బంధుత్వం కలుపుకోవడం మన సిద్ధాంతం కాదు, అది వాళ్ల పద్ధతి. కానీ శ్మశానం అంచున చోటిచ్చిన ఊహ నుంచి బయటపడి శతాబ్దాల పాటు నడిచినవాళ్లలో కొందరు, చివరికి ఇంకొకడి ఆదర్శ నగరంలో బందీలయ్యారన్నది తోసిపుచ్చలేని అవకాశం.

తేదీలు కూడా చూడండి. ఫ్రాన్స్ 1912లో సంచారుల మీద చట్టం చేసింది. వేలిముద్రలు, శరీర కొలతలతో ఒక పుస్తకం ప్రతి సంచారీ వెంట పెట్టుకుని ఊరూరా ముద్ర వేయించుకోవాలి. సరిగ్గా అంతకుముందు ఏడాది, 1911లో, బ్రిటిష్ వాళ్లు 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని మార్చి మద్రాసు రాజధానికి తెచ్చారు. ఆ దశకంలోనే బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పుట్టింది. సాల్వేషన్ ఆర్మీ నడిపింది, ఎరుకల కుటుంబాలను అక్కడ చేర్చారు. పేరేమో మద్రాసు ప్రభుత్వంలోని ఒక తెల్లదొరది. హాజరు పట్టీ, బయటికి పోవాలంటే అనుమతి చీటీ. దాన్ని నడిపినవాళ్లు సంస్కరణ అన్నారు. లెదూ కూడా తన నగరం కూలీల నడవడిని బాగుచేస్తుందనే రాశాడు.

ఆర్క్ ఎ సెనాన్ ఉప్పు కార్ఖానా 1982 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద. 2016 అక్టోబరు 29న ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒలాంద్, మోంత్రెయ్ బెలే అనే మరో పాత శిబిరం దగ్గర నిలబడి, జిప్సీల నిర్బంధంలో ఫ్రెంచి ప్రభుత్వ బాధ్యత ఉందని ఒప్పుకున్నాడు. 1912 నాటి కొలతల పుస్తకాన్ని 1969లో తీసేసి వేరే రకం పుస్తకాలు తెచ్చారు. ఆ తిరుగుడు పుస్తకాలు కూడా పూర్తిగా రద్దయింది 2017 జనవరిలో చేసిన చట్టంతో. అప్పటిదాకా, లెదూ గీసిన గేటు ముందు టికెట్టు కొని లోపలికి పోయే యాత్రికుడికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. పక్క రోడ్డు మీద బండి ఆపిన సంచారికి మాత్రం కావాల్సి వచ్చేది.